మా అత్తయ్య కారు, అమ్మకూడని అయిదేళ్ళు

జాంబియా నుంచి తిరిగి వచ్చేటప్పుడు మా మామయ్య కారు తెచ్చింది అమ్ముకోవడానికే. ఆ సంగతి ఆయనెప్పుడూ దాచలేదు. అక్కడి రాగి గనుల్లో ఇంజనీరుగా చాలా ఏళ్ళు పనిచేసి, ఎనభైల మొదట్లో ఇక చాలనుకుని నరసరావుపేటకు వచ్చేశాడు. పిడుగురాళ్ళలో సున్నపు బట్టీ పెట్టాలన్నది ఆయన ఆలోచన. విదేశీ కారు ఒకటి మన దేశంలోకి తేగలిగితే కొన్న ధరకు నాలుగైదు రెట్లు వస్తుందని అక్కడి మిత్రులెవరో చెప్పారట. ఆ డబ్బుతో బట్టీ లేస్తుందని లెక్క వేసుకున్నాడు.

కారు జపానుది. రెండు తలుపులు, పొడుగాటి ముక్కు, నేలకు ఆనుకున్నట్టుండే ఒళ్ళు. గనిలో పనిచేసే జపాను ఇంజనీరు ఒకాయన సొంత దేశం నుంచి ఓడలో తెప్పించుకున్నాడట. ఆయన వెళ్ళిపోతూ అమ్మితే మా వాళ్ళు కొన్నారు. జపాను వాళ్ళు తమ దేశంలో అమ్ముకోవడానికి మాత్రమే చేసుకున్న రకం అది. బయటి దేశాలకు పంపేవి వేరు. లోపల మీటర్ల పక్కన రాతలన్నీ జపాను భాషలోనే ఉండేవి. పక్క అద్దాలు తలుపుల మీద ఉండవు, ముందు చక్రాల పైన మేక చెవుల్లా నిలబడి ఉంటాయి. పెద్ద దీపాలు ముక్కులోకి ముడుచుకుని ఉంటాయి, మీట నొక్కితే పైకి లేస్తాయి.

కారు మా అత్తయ్య పేరు మీద ఉండేది. మామయ్యకు కంపెనీ జీపు ఉంది కాబట్టి, ఇంటి అవసరాలకు దీన్ని అత్తయ్యే నడిపేది. మా అత్తయ్యది క్రోసూరు. పదో తరగతి దాకా చదివింది. పెద్దగా గొంతెత్తి మాట్లాడదు కానీ ఒక మాట అన్నదంటే దాన్ని కదిలించడం ఎవరి వల్లా కాదు. ఇన్నేళ్ళు పరాయి దేశంలో ఉండి వచ్చినా ఆమె మాట పిసరంత కూడా మారలేదు.

నేను అప్పుడు డిగ్రీ పూర్తిచేసి, టీచరు ట్రైనింగు కోసం మామయ్య వాళ్ళ ఇంట్లోనే ఉన్నాను. కారు మద్రాసు హార్బరుకు చేరిందని కబురు వస్తే ముగ్గురం రైలెక్కి వెళ్ళాం.

హార్బరులో కారు విలువ కట్టే ఆఫీసరు దాని చుట్టూ రెండు మూడుసార్లు తిరిగాడు. తమిళం కలిసిన తెలుగు మాట్లాడేవాడు. లోపలికెళ్ళి లావుపాటి పుస్తకం ఒకటి తెచ్చాడు. ఏ దేశంలో ఏ కారు ఎంతకు అమ్ముతున్నారో అందులో ఉంటుందట. పేజీలు తిప్పి తిప్పి తల ఎత్తాడు.

"ఈ మోడలు ఇందులో లేదే సార్."

మామయ్య దాని కోసమే ఎదురుచూస్తున్నట్టు అందుకున్నాడు. "ఉండదండి. ఇది జపానులో తప్ప ఎక్కడా దొరకదు. స్పేరు పార్టులు కూడా దొరకవు. రేపు ఏదన్నా విరిగితే మూలన పెట్టుకోవాల్సిందే. అలాంటి దానికి విలువేముంటుంది చెప్పండి?"

ఆఫీసరు నవ్వాడు. "ఎక్కడా దొరకని వస్తువుకు ఎక్కువ విలువ కదా సార్ కట్టాలి."

దాని మీద చాలాసేపు మాట్లాడుకున్నారు. ఎవరూ గొంతు పెంచలేదు. చివరికి, బయటి దేశాలకు అమ్మే కార్లలో దీనికి దగ్గరగా ఉన్నదాని ధర చూసి, ఎన్నేళ్ళు వాడారో దాన్ని బట్టి తగ్గించి, మిగిలినదాని మీద సుంకం వేశారు. సుంకమే కారు ధరను మించింది. అదీ విదేశంలో సంపాదించిన డబ్బుతోనే కట్టాలన్నది రూలు. మామయ్య ముఖం వాడినా, అమ్మితే అంతా తిరిగొస్తుందన్న ధైర్యం మిగిలే ఉంది. కాగితాల మీద ముద్ర వేసి ఇస్తూ ఆఫీసరు ఇంకో మాట చెప్పాడు.

"అయిదేళ్ళ వరకు అమ్మకూడదు. ఇంకొకరికి ఇవ్వకూడదు, అద్దెకు తిప్పకూడదు. తెలుసు కదా?"

మామయ్యకు తెలుసు, తెలియదు. అలాంటి రూలేదో ఉందని విన్నాడు కానీ, అవన్నీ ఎవరూ పట్టించుకోరని మిత్రులు చెప్పిన మాటే నమ్మాడు. ముద్ర కళ్ళారా చూశాక అక్కడి చెక్క బల్ల మీద కూర్చుండిపోయాడు. నేను మంచినీళ్ళు తెచ్చి ఇస్తే పట్టుకుని అలాగే ఉన్నాడు, తాగలేదు.

అత్తయ్య ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది. "నడుపుకోవచ్చునా అండీ?"

"మీ పేరు మీదే ఉంది కదమ్మా. మీరు ఎంతయినా నడుపుకోవచ్చు."

"అయితే లేవండి," అంది మామయ్యతో. "పొద్దుండగానే నెల్లూరన్నా చేరదాం."

అలా ఆ కారు మా ఇంటికి వచ్చింది. వెనక సీటు పేరుకే సీటు. నేను అందులో పక్కకు తిరిగి కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాను. నెల్లూరు దగ్గరపడుతున్నప్పుడు రోడ్డు ఖాళీగా ఉంటే అత్తయ్య కాస్త వేగం పెంచింది. ఎక్కడి నుంచో సన్నగా గంట మోగడం మొదలయింది. అత్తయ్య భయపడి నెమ్మది చేస్తే ఆగిపోయింది. మళ్ళీ పెంచితే మళ్ళీ మోగింది. వేగం వంద దాటితే మోగే గంట అని అప్పుడర్థమయింది. జాంబియాలో వాళ్ళుండే గని ఊళ్ళో అంత వేగంగా ఎప్పుడూ నడపలేదట.

"చూడే, దీనికి మనకన్నా బుద్ధుంది," అంది అత్తయ్య. మద్రాసు వదిలాక మామయ్య మొదటిసారి నవ్వింది అప్పుడే.

నరసరావుపేటలో ఇంటి పక్కన రేకుల షెడ్డు వేసి కారు అందులో పెట్టారు. మొదటి నెలలో దాన్ని చూడటానికి వచ్చినవాళ్ళకు టీ కాచి పోయడమే నా పని అయింది. చూసినవాళ్ళలో సగం మంది కారును చూసేవాళ్ళు, సగం మంది దాన్ని నడిపే ఆడమనిషిని చూడాలని వచ్చేవాళ్ళు. ఆ రోజుల్లో మా వైపు స్కూటరు నడిపే ఆడవాళ్ళు కూడా లేరు. అత్తయ్య అదేమీ పట్టించుకోకుండా కూరగాయలకు, బ్యాంకుకు, క్రోసూరులో పుట్టింటికి దాంట్లోనే వెళ్ళేది. మిరపకాయల లారీలు తిరిగి తిరిగి రోడ్లు గుంతలు పడి ఉండేవి. ప్రతి గుంత దగ్గరా కారు ఆపి, ఏ చక్రం ఎటు దింపాలో చూసుకుని, అడుగులో అడుగు వేస్తున్నట్టు దాటించేది. ఎడ్లబళ్ళు మమ్మల్ని దాటుకుని పోయేవి.

ఒకసారి బ్రేకులో ఏదో రబ్బరు పోతే, పల్నాడు రోడ్డులో గ్యారేజీ పెట్టుకున్న సాయిబు గారి దగ్గరికి తీసుకెళ్ళాం. అత్తయ్య ఆయన్ని అన్నా అని పిలిచేది. ఆయన విప్పి చూసి, "ఇది నా వల్ల గాదు చెల్లెమ్మా, బ్రేకుతో అందాజు పని జెయ్యను," అన్నాడు. ఆయన తమ్ముడు సింగపూరు వెళ్ళే ఓడలో పనిచేసేవాడు. ఆ తమ్ముడికి చెప్పి తెప్పించేదాకా కారు షెడ్డులోనే ఉంది. అన్ని నెలలూ అత్తయ్య రిక్షాలోనే తిరిగింది.

కారు కొంటామని వచ్చేవాళ్ళు మాత్రం ఆగలేదు. రైసు మిల్లు యజమానులు వచ్చారు, సినిమాహాలు ఆయన వచ్చాడు. అమ్మకూడదండీ అని చెబితే చాలామంది వెళ్ళిపోయేవాళ్ళు. మాచవరం వైపు పల్లె నుంచి వచ్చిన పెద్దరైతు మాత్రం అలా వెళ్ళలేదు. పొలాలు, పంచాయతీ రాజకీయాలు, వెంట ఎప్పుడూ పదిమంది మనుషులు ఉండే మనిషి. వరండాలో కూర్చుని తీరిగ్గా చెప్పాడు.

"కాయితాల మీద మీ పేరే ఉండనీండి. కారు నా కాడుంటది. డబ్బులు ఇప్పుడే తీసుకోండి. అయిదేళ్ళయినాక పేరు మార్చుకుందాం. అందరూ చేసేదేగా."

మామయ్య వెంటనే వద్దనలేదు. బట్టీలో భాగస్వామిగా చేరతానన్న మనిషి అప్పటికే విసుగుపడుతున్నాడు. ఆలోచించి చెబుతానని పంపించాడు. ఆయన వెళ్ళాక అత్తయ్య లోపలి నుంచి వచ్చింది.

"నా పేరు మీదున్న కారు ఇంకొకళ్ళు తోలి ఎవరినన్నా గుద్దితే కోర్టుకు నేను పోవాల. ఇయ్యను."

"నాలుగు డబ్బులొస్తే బట్టీ మొదలవుతుందే."

"చిన్న బట్టీ పెట్టండి. నా మెళ్ళో గొలుసుంది, అది తీసుకోండి. కారు మాత్రం ఇయ్యను."

మామయ్య రెండురోజులు ఆమెతో సరిగా మాట్లాడలేదు. తర్వాత ఆయనే పెద్దరైతుకు కుదరదని కబురు పంపాడు. కోపగించుకుంటాడేమోనని భయపడ్డాం కానీ ఆయన మళ్ళీ వచ్చాడు.

"అమ్మొద్దులే అమ్మా. మా పిల్లోడి పెళ్ళి. తరలిపోయే రోజు ఒక్కపూట కారు పంపియ్యి. చానా ముచ్చటపడతన్నాడు."

అత్తయ్య ఆలోచించింది. "పంపియ్యను, నేనే తెస్తా. తోలేది నేనే అయితే సరే."

పెళ్ళికొడుకును ఆడమనిషి నడిపే కారులో తరలించుకుపోవడం పెద్దరైతు ఊహకు వచ్చి ఉండదు. అయినా తలూపి, "సరే కానీయమ్మా. ఊరంతా చూస్తది," అన్నాడు.

ఆ రోజు పొద్దున్నే అత్తయ్య పట్టుచీర కట్టుకుని కారు తీసుకుని వెళ్ళిపోయింది. మామయ్య పిడుగురాళ్ళలో బట్టీ స్థలం దగ్గర ఉన్నాడు. నాకు జలుబుగా ఉండి ఇంట్లోనే ఉండిపోయాను. పదింటికి ఒకాయన గేటు తీసుకుని వచ్చాడు. గళ్ళ చొక్కా, చేతిలో సంచీ. గుంటూరు నుంచి వచ్చిన ఇన్స్పెక్టరునని, కస్టమ్స్ పని మీద వచ్చానని చెప్పాడు.

"కారు చూపిస్తావా అమ్మా?"

షెడ్డు ఖాళీగా ఉంది, కింద నూనె మరకలు తప్ప ఏమీ లేవు. కారు పెళ్ళికి వెళ్ళిందని, అత్తయ్యే తీసుకెళ్ళిందని చెప్పాను. ఏ ఊరని అడిగాడు. చెప్పగానే ఆయన ముఖం మారింది.

"కారు అమ్మేశారని, ఆ ఊళ్ళోనే ఉందని పేరు లేని అర్జీ ఒకటి వచ్చింది. నేను చెప్పకముందే నువ్వే ఆ ఊరి పేరు చెప్పావు."

"అమ్మలేదండి. సాయంత్రానికి వచ్చేస్తుంది. అప్పటిదాకా కూర్చోండి."

"సాయంత్రం కారు వస్తే ఏమి తెలుస్తుంది? ఎవరి చేతిలో ఉందో ఇప్పుడే చూడాలి. నువ్వు రానక్కర్లేదు, దారి చెప్పు చాలు."

దారి చెప్పి ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాలేదు. తలుపుకు తాళం వేసి ఆయనతో పాటు బస్సెక్కాను. పిడుగురాళ్ళలో దిగి మాచవరం బస్సు కోసం నిలబడ్డాం. మామయ్యను పిలుచుకొద్దామా అంటే బట్టీ స్థలం ఊరికి అవతల ఉంది, ఈలోపు బస్సు వెళ్ళిపోతుంది. ఇన్స్పెక్టరు జామకాయలు కొని నాకు రెండిచ్చాడు.

"ఒకవేళ కారు ఇంకొకళ్ళ దగ్గర ఉంటే ఏం చేస్తారండీ?" అని అడిగాను.

"స్వాధీనం చేసుకోవాలని రాస్తాను. నాకు ఇష్టమై కాదమ్మా," అన్నాడు. కాసేపాగి తనకూ నా ఈడు కూతురుందని, ఆమె కూడా టీచరు ట్రైనింగుకే చదువుతోందని చెప్పాడు. మంచివాడని తెలిసేకొద్దీ నా భయం ఇంకా పెరిగింది. దారిలో ఏదైనా ఇబ్బంది వచ్చి అత్తయ్య స్టీరింగు ఎవరికైనా ఇచ్చి ఉంటే? పెద్దరైతు కొడుకు ముచ్చటపడి ఒక్కసారి నడుపుతానంటే? జామకాయ చేతిలోనే ఉండిపోయింది.

బస్సు దిగేసరికి మేళం వినబడుతోంది. ఊరి మధ్య వీధిలో జనం కిక్కిరిసి ఉన్నారు. మేము వాళ్ళను తోసుకుని ముందుకు వెళ్ళాం. సన్నాయి వాళ్ళ వెనక కారు నత్తలా కదులుతోంది. పిల్లలు అడుగుతుంటే పట్టపగలే దీపాలు పైకి లేస్తున్నాయి, మళ్ళీ ముడుచుకుంటున్నాయి. పెళ్ళికొడుకు తలపాగా కారు కప్పుకు తగులుతుందని తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. వెనక ఆ ఇరుకు సీటులో పెద్దరైతు మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. స్టీరింగు దగ్గర మా అత్తయ్య. చెమటకు కుంకుమ కరిగి ముక్కు మీదకు జారింది. చూపు మాత్రం రోడ్డు మీద నుంచి కదలడం లేదు.

చేతిలో ఉన్న జామకాయ అప్పుడు కొరికాను.

ఇన్స్పెక్టరు చెయ్యెత్తితే మేళం ఆగింది. తానెవరో చెప్పుకుని, "కారు ఎవరిదమ్మా?" అని అడిగాడు.

"నాది."

"అద్దెకు తెచ్చారా?"

"అద్దెకిచ్చేదాన్నయితే డ్రైవర్ని పెట్టి పంపేదాన్ని గదండీ. ఈ ఎండలో నేనెందుకు తోల్తా? మన వాళ్ళ పెళ్ళని వచ్చా."

"మీకు చుట్టాలా?"

అత్తయ్య జవాబు చెప్పేలోపు వెనక నుంచి పెద్దరైతు తల బయటకు పెట్టాడు. "మా చెల్లెలు సార్," అన్నాడు నింపాదిగా. వాళ్ళిద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. ఆ మాట అన్నాక మాత్రం ఆయన జీవితాంతం దాన్ని నిలబెట్టుకున్నాడు.

ఇన్స్పెక్టరు బానెట్టు తీయించి ఇంజను నంబరు, బండి నంబరు కాగితాలతో సరిచూసుకున్నాడు. ఊరంతా చుట్టూ మూగి చూసింది. అత్తయ్య లైసెన్సు అడిగితే, బొడ్లో దోపుకున్న చిన్న సంచీలోంచి తీసి ఇచ్చింది.

"యజమానే నడుపుతున్నారు. రాసుకుంటాను," అన్నాడాయన. సన్నాయి మళ్ళీ మొదలయింది.

ఆయన పెళ్ళి భోజనానికి కూర్చోనన్నాడు. మజ్జిగ మాత్రం తాగాడు. పెళ్ళికొడుకును పందిరి చేర్చాక, గుంటూరు బస్సు అందేలా అత్తయ్య ఆయన్ని సత్తెనపల్లి దాకా దింపింది. ముందు సీటులో ఆయన, వెనక నేను. కొత్తగా తారు వేసిన చోట అత్తయ్య వేగం పెంచితే గంట మోగింది. అదేమిటని అడిగితే చెప్పింది. ఆయన చిన్నపిల్లవాడిలా, "ఇంకొక్కసారి మోగించండి," అన్నాడు.

ఆ అర్జీ ఎవరు పెట్టారో మాకు తెలియలేదు. మామయ్య కొన్నాళ్ళు వీళ్ళనీ వాళ్ళనీ అనుమానించి, తర్వాత మానేశాడు. అత్తయ్య గొలుసు తాకట్టు పెట్టి చిన్న బట్టీ మొదలుపెట్టాడు. రెండో ఏటికల్లా గొలుసు ఇంటికి వచ్చింది. నాకు ట్రైనింగు పూర్తయి సత్తెనపల్లిలో బడిపంతులమ్మ ఉద్యోగం వచ్చింది. సెలవు రోజుల్లో అత్తయ్య నాకు ఆ కారులోనే డ్రైవింగు నేర్పింది. గేరు మార్చేటప్పుడు నేను తడబడితే తన చెయ్యి పైన వేసి మార్పించేది.

అయిదేళ్ళూ గడిచాయి. ఆ గడువు దాటిన సంగతి మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. ఈలోపు మన దేశంలోనే తయారైన చిన్న కార్లు రోడ్ల మీదకు వచ్చేశాయి. ఒక రోజు లారీ చక్రం కింద నుంచి రాయి ఎగిరి ముందు అద్దం పగిలింది. అలాంటి అద్దం ఎక్కడా దొరకలేదు. పగులు పక్క నుంచి మెడ వంచి చూస్తూ కొన్ని నెలలు నడిపింది అత్తయ్య. ఆమెకు మోకాళ్ళ నొప్పులు కూడా మొదలయ్యాయి. ఆ కిందికున్న సీటులోంచి లేవాలంటే తలుపు పట్టుకుని మూలిగేది.

అప్పుడు హైదరాబాదు నుంచి ఒక యువకుడు వచ్చాడు. పాత కార్లు, అరుదైన కార్లు పోగుచేసే అలవాటు ఉన్నవాడు. కారు చుట్టూ తిరిగి చక్రాల మీది అద్దాలను వేలితో తాకి, ఇలాంటిది దేశంలో ఇంకొకటి ఉంటుందని తాను అనుకోనన్నాడు. అద్దం జపాను నుంచి తెప్పించుకుంటానన్నాడు. అతను చెప్పిన ధరకు అత్తయ్య ఒప్పుకుంది. మామయ్య ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. ఔననలేదు, కాదనలేదు.

అతను కారు తీసుకెళ్ళిపోయాక మామయ్య వరండాలో చాలాసేపు కూర్చున్నాడు.

"ఇంకొన్నాళ్ళు ఉంచుదామనుకున్నా," అన్నాడు.

అత్తయ్య తెల్లబోయింది. "తెచ్చిన రోజు నుంచి అమ్ముదామన్నది మీరేగా. అనుకుంటే అతనున్నప్పుడే చెప్పొద్దా?"

"నీ కారు. నేనేం చెప్పను?"

అత్తయ్య వచ్చి ఆయన పక్కన కూర్చుంది. నేను లోపలికి వెళ్ళి ముగ్గురికీ కాఫీ కలిపాను. బయటకు వచ్చేసరికి ఆయన చెయ్యి ఆమె చేతిలో ఉంది. పెళ్ళయి అన్నేళ్ళయిన ఆ ఇద్దరినీ అలా చూడటం నాకు అదే మొదలు.

మర్నాడు ఆమె రిక్షాలో మార్కెట్టుకు వెళ్ళి వంకాయలు, గోంగూర తెచ్చింది. కారేదమ్మా అని రిక్షా అతను అడిగితే అమ్మేశానని చెప్పిందట. "పోనీలేమ్మా, గుంతల్లో మీరు దాన్ని దింపతా ఉంటే చూసే నాకే కడుపులో తిప్పేది," అన్నాడట. ఆ మాట మామయ్యకు చెప్పి, గోంగూర ఒలుస్తూ, అత్తయ్య కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.